నవ్వు బొమ్మ నొక్కితే సరిపోతుందా?

ఒడిశా దక్షిణ సరిహద్దులోని ఒక తెలుగు పాఠశాలకు ఈమధ్య వెళ్లాం. నాలుగో తరగతి గదిలో గోడకు కొత్త స్మార్ట్ బోర్డు, బల్ల మీద ఆరు ట్యాబులు ఉన్నాయి. ట్యాబుల్లో పిల్లల మాట విని తప్పొప్పులు చెప్పే ఒక యాప్ ఉంది. కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి అప్పటికి మూడు వారాలు. మేం వెళ్లిన రోజే ఆ పరికరాలు ఇచ్చిన సంస్థ తరఫున ఇద్దరు యువకులు కూడా వచ్చారు. 'ఇది మేం ఒక్కళ్లమే చేస్తున్నది కాదు, మీతో కలిసి తయారుచేస్తున్నాం, మీ అభిప్రాయమే మాకు ముఖ్యం' అని హిందీలో చెప్పారు. మేష్టారు దాన్ని తెలుగులోకి మార్చి చెప్పారు. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి ట్యాబులో ఐదు ముఖాల బొమ్మలు చూపించారు. మొదటిది ఏడుపు ముఖం, చివరిది పకపకా నవ్వే ముఖం. 'నీకు ఇది ఎంత నచ్చింది?' అని ప్రశ్న. పిల్లలందరూ చివరి బొమ్మే నొక్కారు.

ఆ వరుసలో ఒక పాప ఉంది. అంతకు గంట ముందే ఆ పాపను చూశాం. ట్యాబులో ఒక బొమ్మ వచ్చింది, దాని గురించి చెప్పమని యాప్ అడిగింది. 'కుక్క బేగి పరిగెడతంది' అంది పాప. 'మళ్లీ చెప్పు' అంది యాప్. మళ్లీ చెప్పింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి గొంతు తగ్గించి, ట్యాబును పక్కపిల్ల చేతిలో పెట్టి, గోడవైపు జరిగి కూర్చుంది. ఆ పిల్ల కూడా గంట తర్వాత పెద్ద నవ్వు బొమ్మనే నొక్కింది. సంస్థవారి నివేదికలో ఆమె 'చాలా సంతృప్తి' లెక్కలో చేరిపోయి ఉంటుంది.

వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని మేం అనడం లేదు. శ్రద్ధగానే వచ్చారు, ఓపికగానే అడిగారు. అడిగిన తీరులోనే లోపం ఉంది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం ఎక్కడైనా మన పాఠశాలలకు ఇలాంటి పరికరాలు వస్తూనే ఉన్నాయి, ఇంకా వస్తాయి. కొన్ని ప్రభుత్వం ఇచ్చేవి, కొన్ని కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో వచ్చేవి, కొన్ని ఊరి నుంచి పైకొచ్చిన దాతలు కొనిచ్చేవి. వాటి మంచిచెడ్డలు ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి అన్న సంగతి పరికరం వచ్చాక కాదు, రాకముందే మనం మాట్లాడుకోవాలి.

పాత టీవీకీ ఈ పరికరాలకూ ఉన్న తేడా ముందు గుర్తించాలి. టీవీ వచ్చిన రోజు ఎలా ఉందో పదేళ్ల తర్వాతా అలాగే ఉండేది. ఇవి ఇంటర్నెట్‌తో ముడిపడి ఉంటాయి. పిల్ల ఏ పాఠం దగ్గర ఆగింది, ఎన్నిసార్లు తప్పు చెప్పింది, ఎంతసేపు చూసింది అన్న సమాచారం ఎక్కడో ఉన్న సర్వరుకు చేరుతుంది. అక్కడి నుంచి అప్‌డేట్ వస్తుంది, నిన్నటి యాప్ ఇవాళ మరోలా ఉంటుంది. అంటే వస్తువు గడప దాటి లోపలికి వచ్చాక కూడా తయారవుతూనే ఉంటుంది. అందుకే తయారీదార్లు 'మీతో కలిసి' అనగలుగుతున్నారు. ఆ మాటలో నిజం కూడా కొంత ఉంది. మన పిల్లలు వాడటం వల్లనే ఆ యాప్ మెరుగవుతుంది. అలాంటప్పుడు ఆ మెరుగుదల మన పిల్లలకు తిరిగి అందుతోందా అని అడిగే హక్కు మనకు ఉండాలి కదా.

కలిసి తయారుచేయడం అనే ఆలోచన మొదట కంపెనీల నుంచి వచ్చింది కాదు. 1970లలో నార్వేలో ఇనుము, లోహ కార్మికుల సంఘం ఫ్యాక్టరీల్లోకి వస్తున్న కంప్యూటర్ల గురించి తమకూ తెలియాలి, తమ మాటా చెల్లాలి అని పట్టుబట్టింది. క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వారితో కలిసి పనిచేశాడు. ఆ దారిలోనే 1981లో స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు యుటోపియా అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. అది పత్రికల్లో పేజీలు కూర్చే, బొమ్మలు అమర్చే కార్మికుల కోసం. (మా వృత్తివాళ్లే కాబట్టి ఈ కథ మాకు కాస్త ఎక్కువ ఇష్టం.) ఇంకా పుట్టని యంత్రం గురించి కార్మికుల్ని ఊరికే అడిగితే ఏం చెప్పగలరు? అందుకని అట్టపెట్టెలు, చెక్కముక్కలతో ఉత్తుత్తి యంత్రాలు చేసి వాళ్ల ముందు పెట్టారు. వాళ్లు దానిమీద రోజూ చేసే పని చేసి చూపించారు. ఇక్కడ చెయ్యి అందడం లేదు, ఇది ఇటు ఉండాలి అన్నారు. అట్టపెట్టెను మార్చడానికి ఖర్చు లేదు కాబట్టి అప్పటికప్పుడే మార్చారు.

మన బడిలో ఇది చేయడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ట్యాబు రాకముందే అట్టముక్క మీద దాని తెర గీసి పిల్లల ముందు పెట్టవచ్చు. 'పాఠం కావాలంటే ఏది నొక్కుతావు?' అని అడగవచ్చు. వేలు ఎటు వెళ్తుందో చూస్తే చాలు. తెర మీద మాటలన్నీ ఇంగ్లిష్‌లోనో ఒడియాలోనో ఉంటే మూడో తరగతి పిల్ల వేలు ఎటూ కదలదు.

ఇక అడిగే తీరు గురించి. 2012లో బెంగళూరులో జరిగిన ఒక పరిశోధనను మన పాఠశాలల యాజమాన్య కమిటీలు తప్పక తెలుసుకోవాలి. నికోలా డెల్, మరికొందరు పరిశోధకులు కలిసి 450 ఇంటర్వ్యూలు చేశారు. జనానికి రెండు వస్తువులు చూపించి ఏది బాగుందని అడిగారు. 'ఇందులో ఒకటి నేను తయారుచేసింది' అని అడిగేవాళ్లు చెప్పినప్పుడు, జనం దాన్నే మెచ్చుకోవడం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువైంది. రెండూ అచ్చంగా ఒకటే అయినప్పుడు కూడా! అడిగేవారు విదేశీయులై, మధ్యలో అనువాదకుడు ఉంటే ఆ మొగ్గు ఐదు రెట్లకు చేరింది. ఇంటికొచ్చిన మనిషి వస్తువును మొహం మీద బాగాలేదనడం మర్యాద కాదని మనవాళ్ల నమ్మకం. ఆ మర్యాదను తప్పుపట్టనక్కర్లేదు. దాన్ని సర్వే ఫలితం అనుకోవడమే తప్పు.

పెద్దవాళ్ల సంగతే అలా ఉంటే తొమ్మిదేళ్ల పిల్లల సంగతి చెప్పాలా? ట్యాబు ఇచ్చినవాళ్లే ఎదురుగా కూర్చుని, వేరే భాషలో అడుగుతూ, పక్కన మేష్టారు నిలబడి ఉండగా ఏ పిల్ల ఏడుపు ముఖం నొక్కుతుంది? ఆ ముఖాల కొలమానాన్ని ఇంగ్లండులో జానెట్ రీడ్, ఆమె సహచరులు రెండు దశాబ్దాల కిందట పిల్లల కోసమే తయారుచేశారు. చిన్నపిల్లలు చాలావరకు అన్నింటికీ పెద్ద నవ్వునే ఎంచుకుంటారని వాళ్లే గమనించారు. అందుకే దానికి తోడుగా మరో పద్ధతి పెట్టారు. నచ్చిందా అని అడగరు. 'ఇది మళ్లీ చేస్తావా?' అని అడుగుతారు. చేస్తాను, ఏమో, చేయను అన్న మూడు జవాబుల్లో ఒకటి చెప్పాలి. నాలుగైదు పనులు వరుసగా రాసి, ఒక్కొక్కదాని గురించీ అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. గోడవైపు జరిగి కూర్చున్న పాపను ఎవరైనా అలా అడిగి ఉంటే, బొమ్మలు రంగులు వేసే ఆటకు 'చేస్తాను' అనీ, మాట్లాడే పాఠానికి 'చేయను' అనీ చెప్పేదేమో.

అడగడం కన్నా చూడటం మేలు. దీనికీ ఉదాహరణ మన పొరుగునే ఉంది. 2005, 2006 ప్రాంతంలో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయం వారు కర్ణాటక గ్రామీణ పాఠశాలల్లో కంప్యూటర్ గదులు చూశారు. ఒక్కో కంప్యూటర్ చుట్టూ నలుగురైదుగురు పిల్లలు. మౌస్ మాత్రం ఒక్కడి చేతిలోనే. వాడు సాధారణంగా తరగతిలో చురుకైనవాడో, కాస్త మోతుబరి ఇంటివాడో అయి ఉంటాడు. మిగిలినవాళ్లు తొంగిచూస్తుంటారు. 'కంప్యూటర్ బాగుందా?' అంటే అందరూ బాగుందనే అంటారు. చూసినవాళ్లకు మాత్రం సమస్య చేతి దగ్గర ఉందని తెలిసింది. ఒకే కంప్యూటర్‌కు పిల్లకొక మౌస్ తగిలించి, తెర మీద ఒక్కొక్కరికి ఒక రంగు బాణం ఇచ్చారు. తర్వాత అందులో కూడా ఒక చిక్కు కనిపించింది. ఎవరు ముందు నొక్కితే వాళ్లదే గెలుపు అన్నప్పుడు పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, ఆలోచించకుండా టకటకా నొక్కేశారు. అందరూ ఒకే జవాబు మీదకు వస్తేనే ముందుకు కదులుతుందని మార్చినప్పుడు ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది. పిల్లలు వాడటాన్ని దగ్గరుండి చూసి, చూసిందాన్నిబట్టి వస్తువును మార్చి, మార్చాక మళ్లీ చూడటం అంటే ఇదీ.

మన పాఠశాలల్లో రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చోవడం కొత్త కాదు. ఆరు ట్యాబులు వస్తే ఐదో తరగతి పిల్లల చేతుల్లో ఐదు ఉంటాయి. ఒక అరగంట పాటు ఉపాధ్యాయుడు పాఠం ఆపి, గది మూల నిలబడి, ఎవరి చేతిలో ఎంతసేపు ఉందో గీతలు గీస్తే చాలు. ఏ కంపెనీ డాష్‌బోర్డూ ఆ లెక్క చెప్పదు. ట్యాబు ఎంతసేపు వెలిగిందో దానికి తెలుసు, ఎవరు చూశారో ఎవరు తోయబడ్డారో దానికి తెలియదు.

ఇంతవరకు చెప్పింది ఏ పాఠశాలకైనా వర్తిస్తుంది. మనకు ప్రత్యేకమైన చిక్కు భాషది.

గంజాం వైపు పిల్లలు 'బేగి' అంటారు. హోసూరు దగ్గర 'బిన్న' అంటారు. షోలాపూరులో పద్మశాలి ఇళ్ల పిల్లలు 'జల్ది' అంటారు. పాఠ్యపుస్తకంలో 'త్వరగా' అని ఉంటుంది. మంచి ఉపాధ్యాయుడు పిల్ల ఇంటిమాటను విని, నవ్వి, పుస్తకంలో మాటను దాని పక్కన చేరుస్తాడు. యంత్రం అలా చేయదు. దానికి నేర్పిన గొంతుల్లో ఆ మాట లేకపోతే 'మళ్లీ చెప్పు' అంటుంది. పిల్లకు అర్థమయ్యేది మాత్రం 'నీది తప్పు' అని. ఒడియా వాళ్ల మధ్య తెలుగు మాట్లాడితే తేడాగా చూస్తారు, తెలుగు యంత్రం ముందు మాట్లాడితే అదీ తెలుగు కాదంటుంది. ఇక ఆ పిల్ల ఎక్కడ నోరు విప్పాలి? ఆ పాప వాళ్ల అమ్మమ్మ బడి గేటు దగ్గర మాతో ఒక మాట అంది. 'ఇంటికాడ గలగలా మాటాడుద్దండి, ఈమధ్య పొస్తకం తీస్తే నోట్లో నోట్లోనే సదువుకుంటంది' అని. మూడు వారాలకే ఇంత తేడా రావడం పరికరం వల్లనేనని మేం తీర్మానించలేం. కానీ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, వేసే చోటు కూడా ఆ ఐదు ముఖాల్లో లేదు.

ఇది తీరని సమస్యేమీ కాదు. యంత్రానికి గొంతులు వినిపిస్తే నేర్చుకుంటుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలోని 'వాణి' ప్రాజెక్టు దేశంలోని జిల్లాలన్నింటి నుంచి జనం మాట సేకరించాలని మొదలైంది. బొమ్మ చూపించి, నీ మాటల్లో చెప్పు అంటారు. మొజిల్లా సంస్థ నడిపే కామన్ వాయిస్‌లో ఎవరైనా తమ తెలుగు గొంతును ఇవ్వవచ్చు. పెద్దల గొంతుతో నేర్చిన యంత్రానికి పిల్లల గొంతు సరిగా వినపడదన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన మాటే. పైగా ఆంధ్ర, తెలంగాణల బయటి తెలుగు వేరే. ఈ రెండు లోట్లూ మన పిల్లల దగ్గరే కలుస్తాయి. కాబట్టి సంస్థవారు 'మీతో కలిసి' అన్నప్పుడు మనం అడగాల్సిన మొదటి మాట ఇదే: మా జిల్లా తెలుగును, మా పిల్లల వయసు గొంతును మీ యాప్ ఎక్కడ విన్నది? వినకపోతే ఎప్పుడు వింటుంది? అప్పటిదాకా తప్పు చెప్పే ఆ భాగాన్ని ఆపి ఉంచగలరా?

రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాక పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో ఏడో సవరణతో చేరిన అధికరణం అది. అప్పటికి సదుపాయం అంటే ఉపాధ్యాయుడు, పుస్తకం, గది. ఇప్పుడు తరగతి గదిలో పరికరం కూడా సదుపాయమే అయినప్పుడు, దానికి తెలుగు రాకపోతే అది మన పిల్లలకు సదుపాయం కాదు, అడ్డం. తెలుగు మాధ్యమం పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెలుగు పాఠమే వస్తోందా, రాష్ట్ర భాష పాఠం వస్తోందా అన్నది ఒక్క మధ్యాహ్నం కూర్చుని పుస్తకమంతా చూసి రాసుకోవచ్చు. రాసుకున్నది విద్యాశాఖకు పంపవచ్చు. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

వస్తువు ఉండటం వేరు, చదువు రావడం వేరు అన్నది పెరూ దేశం ఖరీదు పెట్టి తెలుసుకుంది. పిల్లకొక ల్యాప్‌టాప్ పథకంలో లక్షల యంత్రాలు పంచారు. 319 గ్రామీణ పాఠశాలల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. పిల్లల చేతిలో కంప్యూటర్లు బాగా పెరిగాయి, వాడకమూ పెరిగింది. లెక్కల్లో, భాషలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. లాగిన్ల సంఖ్య చూపించి మురిసేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు.

ఉపాధ్యాయుల అనుభవం కూడా కొలవాల్సిందే. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. స్విచ్ వేసిన దగ్గర నుంచి పాఠం మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలు పట్టింది, నెట్ పోయిన రోజు ఏం చేశారు, మీరు లేచి సాయం చేయాల్సి వచ్చినవి ఎన్నిసార్లు, ఎవరు ముట్టుకోలేదు. రోజుకు నాలుగు వాక్యాలు. మొదటి వారం రాతలను నమ్మకండి, కొత్త బొమ్మ ఎవరికైనా ముద్దే. ఆరో వారం, పన్నెండో వారం రాతలు చూడండి. పిల్లల్ని అడగాల్సి వస్తే ఇచ్చినవాళ్లు అడగకూడదు, మీరూ అడగకపోతేనే మంచిది. పక్క బడి తెలుగు ఉపాధ్యాయురాలు వచ్చి అడగాలి, మీరు వెళ్లి వాళ్ల పిల్లల్ని అడగాలి. 1986లో జాన్ బ్రూక్ రూపొందించిన పది వాక్యాల ప్రశ్నపత్రం ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక వాక్యం మెచ్చుకోలుగా, తర్వాతిది తప్పుపడుతూ ఉంటుంది కాబట్టి కళ్లు మూసుకుని అన్నింటికీ అవునంటే దొరికిపోతాం. ఉపాధ్యాయులకు అది పనికొస్తుంది, చిన్నపిల్లలకు కాదు. దాని తెలుగు మాత్రం మన స్టాఫ్ రూములో మాట్లాడే తెలుగై ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక సంగతి. పిల్ల గొంతు, ముఖం, మార్కులు ఎక్కడికి వెళ్తున్నాయో తెలుసుకోకుండా సంతకం పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి రుజువుతో సహా తీసుకోవాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు పూర్తిగా అమల్లోకి వస్తాయి. చదువు, భద్రత అవసరాలకు పాఠశాలలకు కొంత సడలింపు ఇచ్చారు. అయితే పరికరం అమ్మేవాళ్లు పాఠశాల కాదు. అన్నింటికన్నా మనకు కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. ఆ అనుమతి కోరే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కల్పించాలని చట్టమే చెబుతోంది. కృష్ణగిరిలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా 'తెలుగులో ఇవ్వండి' అని అడగవచ్చు. గడువు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఇప్పుడే అడిగితే ఇచ్చేవాళ్లు ఎవరో, తప్పించుకునేవాళ్లు ఎవరో ఇప్పుడే తెలుస్తుంది.

పరికరాలు వద్దని మేం చెప్పడం లేదు. పల్లె బడిలో ఒక్క టీచరు నాలుగు తరగతులు లాగుతున్నప్పుడు, పక్కన కూర్చుని ఓపికగా చదివించే యంత్రం నిజంగా మేలు చేయగలదు. అందుకే అంగీకార పత్రం మీద సంతకం చేసే ముందు రెండు వాక్యాలు చేర్పించండి. మూడు నెలలకొకసారి బడి ఇచ్చిన సూచనల్లో ఏవి అమలు చేశారో, ఏవి ఎందుకు చేయలేదో సంస్థ తెలుగులో రాసి ఇవ్వాలి. పిల్లలకు ఉపయోగం లేదని బడి తేల్చితే ఏ పేచీ లేకుండా వెనక్కి తీసుకోవాలి. దాతను నొప్పించినట్టవుతుందని కొందరు హెచ్‌ఎంలు జంకుతున్నారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. పిల్లల సంఖ్య తగ్గి బడి ఉంటుందో మూతపడుతుందో తెలియనిచోట, స్మార్ట్ బోర్డు ఉందని చెప్పి నలుగురు పిల్లల్ని చేర్చుకోగలిగితే అదే పదివేలు అనుకునే పరిస్థితి. కానీ బోర్డు చూసి చేరిన పిల్ల నోరు మూసుకుంటే, మరుసటి జూన్‌లో ఆ తల్లి వేరే బడి వెతుక్కుంటుంది.

ఆ ఒడిశా పాఠశాల మేష్టారు మేం బయల్దేరే ముందు రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి తీశారు. పాపను పిలిచి, ఇంట్లో మాట్లాడే మాటల్లో యాప్‌కు అర్థం కానివి చెప్పమన్నారు. మొదట తల దించుకుంది. పక్కపిల్ల అందుకుని ఒకటి చెప్పింది, ఇంకొకడు రెండు చెప్పాడు. ఆ తర్వాత ఆ పాపే ఆపకుండా చెబుతూ పోయింది. 'బేగి'తో మొదలైన ఆ జాబితా మేం ఆటో ఎక్కేసరికి రెండో పేజీలోకి వెళ్లింది. వచ్చే నెల ఆ యువకులిద్దరూ వచ్చినప్పుడు ముఖాల బొమ్మల కన్నా ముందు ఆ పుస్తకం వాళ్ల చేతికి ఇస్తానన్నారు మేష్టారు.